లండన్ దాటితేనే ఇంగ్లండ్ చవక: ఉత్తరాదికి ఆరు రోజుల దారి

లండన్ నుంచి యార్క్ సుమారు 300 కిలోమీటర్లు, రైల్లో రెండు గంటలు. ఒకే బోగీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి టికెట్ ధర రెండోవారి ధరకు మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు. ఇద్దరూ చెల్లించింది నిజమైన ధరే. ఒకరు రెండు నెలల ముందు కొన్నారు, మరొకరు స్టేషన్‌కు వచ్చి కొన్నారు. ఇంగ్లండ్‌లో ఖర్చును నిర్ణయించేది దూరం కాదు, టికెట్ ఎప్పుడు కొన్నారు, ఏ గంటకు ఎక్కారు, రైలా బస్సా అన్నవే. లండన్‌లో రెండు రాత్రుల గది అద్దెకు ఉత్తరాన మూడు నాలుగు రాత్రులు గడిచిపోతాయి. అక్కడ చూడాల్సినవాటిలో చాలాభాగానికి టికెట్టే లేదు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, సెలవుల్లో ఉన్న విద్యార్థులు ఈ దారిని ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు. ఆదివారం మొదలై శుక్రవారం ముగిసేలా రోజులు అమర్చాం. యార్క్‌లోనూ న్యూకాజిల్‌లోనూ శుక్ర, శనివారాల్లో గదుల ధరలు ఎగబాకుతాయి కాబట్టి ఆ రెండు రాత్రులూ అక్కడ ఉండకుండా చూసుకోవాలి.

బయల్దేరే ముందు

మొదటి పని రైల్‌కార్డు. ఏడాదికి 35 పౌండ్లు (2025 మార్చి నుంచి ఉన్న ధర), చాలా టికెట్లపై మూడో వంతు తగ్గుతుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు కూడా కొనుక్కోవచ్చు. అరవై దాటినవారికి సీనియర్ కార్డు ఉంది కానీ అది మనిషికొకటి. భార్యాభర్తలు ఎప్పుడూ కలిసే తిరిగేట్టయితే ఇద్దరి పేర్లతో తీసుకునే టూ టుగెదర్ కార్డు ఒక్కటి చాలు. అంటే 70 పౌండ్ల చోట 35. షరతు ఏమిటంటే సోమ నుంచి శుక్రవారం వరకు ఉదయం 9:30కి ముందు అది చెల్లదు, ఇద్దరిలో ఒకరు లేకపోయినా చెల్లదు. లెక్క తేలికే: ఇద్దరి మామూలు ఛార్జీలూ కలిపి 105 పౌండ్లు దాటితే కార్డు ఖరీదు తిరిగొచ్చేసినట్టు. ఈ దారిలో అది సులభంగా దాటుతుంది. వెంట 5 నుంచి 15 ఏళ్ల పిల్లలుంటే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు నయం, పిల్లల టికెట్‌పై 60 శాతం తగ్గుతుంది.

రెండోది అడ్వాన్స్ టికెట్. ఇవి సాధారణంగా ప్రయాణానికి 8 నుంచి 12 వారాల ముందు అమ్మకానికి వస్తాయి. చవకవి ముందు అయిపోతాయి, ఆ తర్వాత అదే రైలుకు ధర మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఈ టికెట్ ఆ తేదీకి, ఆ గంటకు, ఆ రైలుకే. తర్వాతి రైలు ఖాళీగా ఉంది కదా అని ఎక్కితే మళ్లీ టికెట్ కొనాల్సిందే. పెనాల్టీ వేస్తే ఇంగ్లండ్‌లో 100 పౌండ్లు, దాని మీద ఒకవైపు ఛార్జీ. 21 రోజుల్లో కట్టేస్తే ఆ వంద సగానికి తగ్గుతుంది. మన దగ్గర టీటీఈని బతిమాలుకున్నట్టు ఇక్కడ కుదరదు. టికెట్‌ను ఏదో ఒక రైలు కంపెనీ సొంత సైట్‌లోనే కొనండి. ఏ కంపెనీ సైట్‌లోనైనా దేశంలోని అన్ని రైళ్లకూ టికెట్లు దొరుకుతాయి, బుకింగ్ ఫీజు ఉండదు. పేరున్న బయటి యాప్‌లు చాలావరకు ఆ ఫీజు వేస్తాయి.

మూడోది బస్సు. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒకవైపు ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీ 3 పౌండ్లు. 2025 జనవరిలో 2 నుంచి 3 పౌండ్లకు పెంచారు, ప్రకటించిన గడువు 2027 మార్చి దాకా ఉంది. కొన్ని ప్రాంతాల్లో స్థానిక పాలకులు ఇంకా తగ్గించారు కూడా. రెండు గంటల ప్రయాణమైనా మూడు పౌండ్లే. అయితే అది ఒక బస్సుకే, మధ్యలో దిగి ఇంకో బస్సెక్కితే మళ్లీ మూడు. స్టాప్‌లో నిలబడి చెయ్యెత్తకపోతే బస్సు ఆగకుండా వెళ్లిపోతుంది. ఎక్కగానే డ్రైవర్‌కు ఊరి పేరు చెప్పి కార్డు తాకించాలి.

ఇక సామాను. ఒక్కొక్కరికి ఎనిమిది పది కిలోల బ్యాక్‌ప్యాక్ మించకూడదు. ఇక్కడి చాలా స్టేషన్లలో లాకర్లు ఉండవు. పొడులు, అటుకులు, పచ్చళ్లు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పెరుగు, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం మన దేశం నుంచి తేకూడదు. పాల, మాంస పదార్థాలకు నిషేధం ఉంది, దొరికితే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. వంటగది ఉన్న హాస్టల్ చూసి గది తీసుకుంటే ఖర్చులో పెద్ద కోత అక్కడే పడుతుంది. అన్నం వండుకోండి, కానీ కుక్కర్‌ను గదిలో పెట్టకండి. పోపు పొగకు గదిలోని అలారం మోగితే భవనమంతా ఖాళీ చేయిస్తారు. వంటగదిలో పొయ్యి మీది ఫ్యాన్ వేసి, నూనె మరీ కాగకముందే ఆవాలు వేయండి.

మొదటి రోజు, ఆదివారం: డార్కింగ్

ఉత్తరానికి వెళ్లేముందు ఒక్క పూట దక్షిణానికి. లండన్ వాటర్లూ నుంచి గానీ విక్టోరియా నుంచి గానీ డార్కింగ్‌కు రైల్లో గంటలోపే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ ఉద్యోగ విరమణ తర్వాత ఉన్నది ఈ ఊళ్లోనే. 1899 జులైలో, తొంభై ఆరేళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశారు. సమాధి డార్కింగ్ శ్మశానవాటికలో ఉంది. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలు ఎన్నో. ఇక్కడ మాత్రం మిగతావాళ్ల మధ్య ఒక సమాధి. ఆ రెంటికీ మధ్య దూరం మనసులో మెదలాలంటే ఇక్కడ కాసేపు నిలబడాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్ట నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాళ్లకు లండన్‌లోని ఏ మ్యూజియం కన్నా ఈ పూటే విలువైనదని గట్టిగా చెబుతాం.

స్టేషన్ నుంచి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. ఊరివైపు దక్షిణంగా వచ్చి, డీప్‌డీన్ రౌండబౌట్ దగ్గర తూర్పుకు తిరిగి రైగేట్ రోడ్డు పట్టుకోవాలి. శ్మశానవాటిక చిన్నదేమీ కాదు. సమాధి రాయి ఫొటో ముందే ఫోన్‌లో పెట్టుకోకపోతే వెతకడానికే అరగంట పోతుంది. పూలు సూపర్‌మార్కెట్లో కొని తీసుకెళ్లండి. కొబ్బరికాయ కొట్టడం, అగరొత్తులు వెలిగించడం అక్కడి పద్ధతి కాదు, పూలు పెట్టి రావడమే మర్యాద.

మధ్యాహ్నం ఒక్క స్టేషన్ వెనక్కొచ్చి బాక్స్‌హిల్ దగ్గర దిగండి. మోల్ నది మీద పదిహేడు రాళ్ల దాటుదారి, ఆపైన నిట్టనిలువు మెట్లు, కొండ మీద నుంచి దక్షిణాన పచ్చటి పల్లం. నడిచి వెళ్లేవారికి టికెట్ లేదు. వానలు పడి రాళ్లు మునిగితే పక్కనే కాలిబాట వంతెన ఉంది. మోకాళ్లు నొప్పులున్నవారు నది దాకా వెళ్లి వెనక్కి రావడం మంచిది. ముగ్గురు పెద్దవాళ్లు కలిసి వెళ్తుంటే రైల్‌కార్డు లేకపోయినా గ్రూప్‌సేవ్ అని అడగండి, 3 నుంచి 9 మందికి మూడో వంతు తగ్గుతుంది. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు ఎక్కువ, రైలు బదులు బస్సు వేస్తారు. ముందురోజు రాత్రే చూసుకోవాలి.

రాత్రి భోజనానికి ఈస్ట్‌హామ్ వెళితే దోసె, అన్నం, సాంబారు లండన్ మధ్యలో కన్నా బాగా తక్కువకే దొరుకుతాయి.

రెండో రోజు, సోమవారం: యార్క్

కింగ్స్‌క్రాస్ నుంచి ఉదయం పదిన్నర తర్వాతి రైలు చూడండి. పొద్దున్న ఆఫీసువేళ రైళ్లు ఖరీదు, టూ టుగెదర్ కార్డు కూడా 9:30 దాటితేనే పనిచేస్తుంది. ఈ దారిలో ఎల్ఎన్ఈఆర్, గ్రాండ్ సెంట్రల్ అనే రెండు కంపెనీల రైళ్లూ యార్క్‌లో ఆగుతాయి, రెండింటి ధరలూ పోల్చండి. బస్సులో వెళితే విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి అయిదు గంటల పైనే. ముందే కొన్న అడ్వాన్స్ టికెట్ ఉంటే రైలు, బస్సు ధరల మధ్య తేడా అంత పెద్దగా ఉండదు, రైలే మేలు.

యార్క్‌లో అసలు చూడాల్సింది గోడ. మధ్యయుగాల నాటి ఈ నగర ప్రాకారం మీద మూడు కిలోమీటర్లకు పైగా నడవొచ్చు, టికెట్ లేదు. ఉదయం ఎనిమిదికి తెరిచి చీకటి పడేలోపు మూసేస్తారు. టైం తక్కువుంటే బూథమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా (ఇక్కడ బార్ అంటే కోటగుమ్మం) ఉన్న ముక్క ఒక్కటే నడవండి, పెద్ద చర్చి వెనకవైపు తోటలతో సహా కనబడుతుంది. లోపలివైపు చాలాచోట్ల రెయిలింగ్ లేదు, చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. మంచు గడ్డకట్టిన రోజుల్లో గోడ తెరవరు.

యార్క్ మిన్‌స్టర్ అనే ఆ పెద్ద చర్చి టికెట్ కాస్త ఖరీదే. సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు మాత్రం ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. గంటలోపు సేపు, ఆ ఎత్తైన కప్పు కింద బృందగానం వినొచ్చు. అది ప్రార్థన కాబట్టి ఫొటోలు, మధ్యలో లేచి తిరగడం ఉండకూడదు. వేళలు రోజును బట్టి మారతాయి, వాళ్ల సైట్‌లో చూసుకుని పావుగంట ముందు వెళ్లాలి.

నేషనల్ రైల్వే మ్యూజియం స్టేషన్‌కు వెనకవైపే, ప్రవేశం ఉచితం. 1938 జులై 3న గంటకు 126 మైళ్లు పరుగెత్తిన మల్లార్డ్ ఆవిరి ఇంజన్, జపాన్ వాళ్లిచ్చిన తొలితరం బుల్లెట్ రైలు బోగీ ఇక్కడున్నాయి. రైలంటే ఇష్టపడే పిల్లలుంటే మూడు గంటలు కేటాయించండి. అది సాయంత్రం తొందరగా మూసేస్తారు కనుక రైలు దిగగానే ముందు ఇదే చూడాలి, గోడ తర్వాత. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో నాలుగు కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు, అప్పుడీ వరుస తలకిందులు చేసుకోవాలి.

మూడో రోజు, మంగళవారం: మూడు పౌండ్లకు సముద్రం

ఈ ఆరు రోజుల్లో డబ్బుకు అత్యధిక ఫలితం ఈ రోజే. యార్క్ స్టేషన్ బయట నుంచి 840 నంబరు కోస్ట్‌లైనర్ బస్సు మాల్టన్, పికరింగ్ మీదుగా, నార్త్ యార్క్ మూర్స్ దాటి విట్‌బీ చేరుతుంది. రెండు గంటల పైన. డబుల్ డెక్కర్‌లో పైఅంతస్తు ముందు సీటు దొరకాలంటే పది నిమిషాల ముందే లైన్లో ఉండాలి. పికరింగ్ దాటాక చెట్లు అయిపోయి బీడుకొండలు మొదలవుతాయి. ఆగస్టులో హెదర్ పూసి ఆ కొండలన్నీ ఊదారంగు తిరుగుతాయి. దారిలో హోల్ ఆఫ్ హార్కమ్ అనే పెద్ద గిన్నెలాంటి లోయ అంచునే బస్సు వెళ్తుంది.

జాగ్రత్త ఒకటే, అతి ముఖ్యమైనది: ఈ నంబరు బస్సులన్నీ విట్‌బీ దాకా వెళ్లవు. చాలా వాటికి మాల్టన్‌లోనో పికరింగ్‌లోనో దారి ముగుస్తుంది. ఆ రోజు వెనక్కొచ్చే చివరి బస్సు టైం రాసుకున్నాకే వెళ్లే బస్సెక్కండి. అది తప్పితే విట్‌బీ నుంచి మిడిల్స్‌బరోకు రోజుకు కొద్దిసార్లే ఉండే రైలు, అక్కడి నుంచి ఇంకో రైలు. అవి రెండూ దొరక్కపోతే రాత్రి గది ఖర్చు తప్పదు.

విట్‌బీలో 199 మెట్లెక్కితే కొండకొమ్మున పాత మఠం శిథిలాలు. మెట్లకు టికెట్ లేదు, శిథిలాల లోపలికి ఉంది. కెప్టెన్ కుక్ నావికుడిగా పని నేర్చుకున్న రేవు ఇదే, ఆయన ఎండీవర్ ఓడ కట్టింది కూడా ఇక్కడే.

శాకాహారులు గమనించాల్సినది: యార్క్‌షైర్ తీరంలో చాలా చేపల దుకాణాల్లో ఆలుగడ్డ చిప్స్ కూడా ఆవు కొవ్వులోనే వేయిస్తారు. దాన్ని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. బోర్డు మీద గర్వంగానే రాస్తారు, కానీ చిప్స్ అనగానే శాకాహారమనుకుని తినేసేవాళ్లే ఎక్కువ. దేనిలో వేయించారని అడగండి. నూనెలో వేయించే దుకాణాలూ ఉంటాయి. అనుమానముంటే సూపర్‌మార్కెట్ మీల్ డీల్ తీసుకోండి: శాండ్‌విచ్, చిరుతిండి, పానీయం కలిపి నాలుగు పౌండ్ల చుట్టూ. దుకాణం లాయల్టీ కార్డు ఉంటే ఇంకొంచెం తగ్గుతుంది, ఆ కార్డు ఫోన్‌లోనే ఉచితంగా చేసుకోవచ్చు. తినేటప్పుడు సీగల్ పక్షులు వెనక నుంచి రాకుండా గోడకు వీపు ఆనించి కూర్చోండి. అవి చేతిలోంచే లాక్కుపోతాయి.

నాలుగో రోజు, బుధవారం: న్యూకాజిల్, అక్కడి నుంచి డర్హమ్

యార్క్ నుంచి న్యూకాజిల్ రైల్లో గంట. బరువులతో మధ్యలో డర్హమ్‌లో దిగడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ స్టేషన్ ఒక కొండ మీద, చర్చి ఇంకో కొండ మీద, మధ్యలో నిట్టదిగువ. నేరుగా న్యూకాజిల్ వెళ్లి బస దగ్గర సామాను పెట్టేసి, తేలిగ్గా వెనక్కి రండి. రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి: డర్హమ్ వంతెన మీద నుంచి చర్చీ కోటా, న్యూకాజిల్ ముందు టైన్ నది వంతెనలూ అటువైపే.

ఎల్డన్ స్క్వేర్ బస్‌స్టేషన్ నుంచి 21 నంబరు బస్సు డర్హమ్ వెళ్తుంది. దారిలోనే ఏంజెల్ ఆఫ్ ద నార్త్: 20 మీటర్ల ఎత్తు, 54 మీటర్ల రెక్కలతో 1998లో నిలబెట్టిన ఉక్కు విగ్రహం. దానికింద నిలబడటానికి టికెట్ లేదు. అక్కడ దిగి ఎక్కితే మొత్తం మూడు ప్రయాణాలవుతాయి. మూడు విడి టికెట్లా, రోజంతటి టికెట్టా, ఏది చవకో మొదటి బస్సెక్కేటప్పుడే డ్రైవర్‌ను అడిగేయండి.

డర్హమ్ కథీడ్రల్‌కు ప్రవేశ రుసుము లేదు, తోచినంత విరాళం వేయమంటారు. 1093లో మొదలుపెట్టి నలభై ఏళ్లలో ప్రధాన భాగం కట్టారు. రాతి పక్కటెముకల్లా కప్పును మోసే కమానుల పని ఐరోపాలో అంత పెద్ద ఎత్తున జరిగిన తొలి చోట్లలో ఇదొకటి. లావుపాటి స్తంభాల మీద చెక్కిన గీతలు వరంగల్ స్తంభాల పనితనం తెలిసినవారిని కూడా ఆపేస్తాయి. గోపురం మీదికి 325 మెట్లు, దానికి టికెట్. బయటికొచ్చాక ప్రెబెండ్స్ వంతెన దాకా నదివెంట నడవండి. వేసవి సెలవుల్లో విద్యార్థులు ఖాళీ చేసిన గదుల్ని ఇక్కడి విశ్వవిద్యాలయ కాలేజీలు యాత్రికులకు అద్దెకిస్తాయి, కోటలో ఉన్న కాలేజీ సహా. జులై నుంచి సెప్టెంబర్ మధ్య వచ్చేవాళ్లు న్యూకాజిల్ బదులు ఇక్కడే ఉండటం గురించి ఆలోచించవచ్చు.

ఐదో రోజు, గురువారం: రోమన్ గోడ

క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి మొదలుపెట్టించిన గోడ, తూర్పు నుంచి పడమరకు 117 కిలోమీటర్లు. దాన్ని అంటిపెట్టుకుని తిరిగే బస్సు నంబరు కూడా ఏడీ122. వసంతం నుంచి అక్టోబర్ దాకానే తిరుగుతుంది, అదీ రోజుకు కొన్నిసార్లే. న్యూకాజిల్ నుంచి హెక్సమ్‌కు రైల్లో నలభై నిమిషాలు, లేదా 685 బస్సు. హెక్సమ్‌లో ఏడీ122 ఎక్కి వన్స్ బ్రూడ్ దగ్గర, ద సిల్ అనే సమాచార కేంద్రం ముందు దిగాలి.

అక్కడి నుంచి ఒక కిలోమీటరు పైకి నడిస్తే స్టీల్ రిగ్ అనే చోటు. గోడ వెంట తూర్పుకు, హౌస్‌స్టెడ్స్ కోట దాకా నడక అయిదు కిలోమీటర్ల చిల్లర. పడమర నుంచి తూర్పుకే నడవండి, తిరగెయ్యకండి. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. వీపు మీద గాలి ఉంటే నడిపిస్తుంది, ముఖానికి ఉంటే రెండింతలు అలసట. అయిదు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. రాతి మెట్ల మీద దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. మధ్యలో దుకాణం లేదు, నీళ్ల కుళాయి లేదు, సిగ్నల్ చాలాచోట్ల అందదు. మనిషికి లీటరు నీళ్లు, పులిహోర పొట్లం, వానకోటు. గొడుగు తెస్తే ఆ గాలికి విరిగిపోతుంది. గోడ పక్కన నడవాలి, గోడ మీద ఎక్కకూడదు. రాళ్లు కదిలి కూలుతున్నాయి.

దారిలో రెండు గుట్టల మధ్య లోతట్టు చోట ఒంటరి సికమోర్ చెట్టు ఉండేది. 2023 సెప్టెంబర్ 28 తెల్లవారేసరికి దాన్ని నరికేశారు. ఆ పని చేసిన ఇద్దరికి జైలు శిక్ష పడింది. మోడు ఇప్పుడు కంచెలో ఉంది, దాన్నుంచి చిగుళ్లు వచ్చాయి.

హౌస్‌స్టెడ్స్ లోపలికి టికెట్. రోమన్ సైనికుల మరుగుదొడ్ల వరుస, ధాన్యాగారం నేల చూడదగ్గవి. విండొలాండా ఇంకో రోమన్ కోట, దానికి విడిగా రెండు మూడు గంటలు కావాలి. నడకా ఆ రెండు కోటలూ ఒక రోజులో ఇరికిస్తే చివరి బస్సు తప్పుతుంది. ఒంట్లో ఓపికుంటే నడకను ఎంచుకోండి, లేనివారు విండొలాండా చూడండి. అక్కడ పలకల మీద సిరాతో రాసిన రోమన్ ఉత్తరాలు 1973 నుంచి బయటపడుతున్నాయి. శీతకాలంలో ఏడీ122 లేనప్పుడు 685 బస్సులో బార్డన్ మిల్ దగ్గర దిగి విండొలాండాకు సుమారు మూడు కిలోమీటర్లు ఎగువకు నడవాలి.

ఒక లెక్క: యార్క్ క్లిఫర్డ్స్ టవర్, విట్‌బీ మఠం, హౌస్‌స్టెడ్స్, దారిలోని చెస్టర్స్ కోట, రేపటి టైన్‌మత్ కోట అన్నీ పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ కిందివే. విదేశీ యాత్రికులకు వాళ్లు 9 రోజుల పాస్ అమ్ముతారు. వీటిలో ఎన్ని లోపలికెళ్లి చూస్తారో రాసుకుని, విడి ధరలు కూడి, పాస్ ధర దానికన్నా తక్కువైతేనే కొనండి.

ఆరో రోజు, శుక్రవారం: టైన్‌మత్, తిరుగుదారి

ఉదయం మెట్రోలో టైన్‌మత్‌కు అరగంటలోపు. ఎక్కకముందే మెషీన్‌లో టికెట్ తీసుకోవాలి. లాంగ్‌శాండ్స్ బీచ్, దాని పైన కొండ మీద పాత కోట. జులైలో కూడా నీళ్లు చల్లగానే ఉంటాయి. వానైతే ఊళ్లోనే ఉండి గ్రేట్ నార్త్ మ్యూజియం చూడండి, ఉచితం. నిన్నటి గోడ మొత్తం నమూనా, దాని మీది రాతి శాసనాలు అందులో ఉన్నాయి.

లండన్‌కు తిరిగి రావడానికి లూమో రైలు ఒక దారి. తరగతులు లేవు, అందరికీ ఒకే రకం సీటు, ముందు కొంటే చవక. ఎల్ఎన్ఈఆర్‌లో అడ్వాన్స్ అయిపోతే 70 నిమిషాల ఫ్లెక్స్ అనే టికెట్ కనబడుతుంది: బుక్ చేసిన రైలుకు 70 నిమిషాలు అటూ ఇటూ ఉన్న వాళ్ల రైళ్లేవైనా ఎక్కొచ్చు. అదీ మించితే స్టేషన్ ధర, దాని జోలికి పోవద్దు. ఆ పరిస్థితిలో రాత్రి కోచ్, అంటే దూరప్రయాణపు బస్సు, నయం. ఏడు గంటల పైన పడుతుంది కానీ ఒక రాత్రి గది ఖర్చు మిగిలి, తెల్లారేసరికి విక్టోరియాలో ఉంటారు.

రైలు ఆలస్యమైతే టికెట్ పారేయకండి. కంపెనీని బట్టి 15 లేదా 30 నిమిషాలు దాటిన ఆలస్యానికి ఛార్జీలో కొంత వెనక్కిస్తారు. దాన్ని డిలే రిపే అంటారు. టికెట్ ఫొటో, చేరిన టైం పెట్టి 28 రోజుల్లోపు ఆ కంపెనీ సైట్‌లో అడగాలి. అడిగినవాళ్లకే ఇస్తారు.